నడిసముద్రంలో ఇనుము అంత అరుదైనప్పుడు సూక్ష్మజీవులు దాన్ని ఎలా సంపాదించుకుంటున్నాయి?

ప్రశ్న: రసాయన_పాఠం, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధిస్తాను. కిందటి వారం సమన్వయ సమ్మేళనాల పాఠంలో సైడెరోఫోర్ల ప్రస్తావన వచ్చింది. నడిసముద్రపు నీటిలో ఇనుము అత్యల్పంగా ఉంటుందనీ, అక్కడి బాక్టీరియా ఈ చిన్న అణువులను బయటికి వదిలి, అవి ఇనుమును పట్టుకున్న తరువాత మళ్ళీ లోపలికి తీసుకుంటాయనీ పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. అప్పుడు ఒక అమ్మాయి లేచి రెండు ప్రశ్నలు వేసింది. రెండింటికీ నేను తృప్తిగా జవాబు చెప్పలేకపోయాను.

మొదటిది: బైలదిల్లా నుంచి కిరండూల్ రైలు మార్గం మీద అంత ఇనుప ఖనిజం మన ఊరి ఓడరేవుకు వస్తున్నది, భూమి పైపొరలో ఎక్కువగా ఉన్న మూలకాలలో ఇనుముది నాలుగో స్థానమని కూడా మేమే చెబుతున్నాము. మరి కోట్ల ఏళ్ళుగా నదులన్నీ వెళ్ళి కలుస్తున్న సముద్రంలో ఇనుము ఎందుకు లేదు? రెండోది: ఒక మైక్రాన్ పొడవు కూడా ఉండని బాక్టీరియా ఒక అణువును సముద్రంలోకి వదిలిపెడితే, అది కొట్టుకుపోకుండా ఆ బాక్టీరియా దగ్గరికే తిరిగి వస్తుందన్న నమ్మకం ఏమిటి? నీళ్ళలో వదిలేసిన గాలం తనంతట తాను చేపతో తిరిగి వస్తుందా అని ఆమె అడిగింది. ఈ రంగంలో పనిచేసినవారు ఎవరైనా వివరంగా రాస్తే తరగతిలో చదివి వినిపిస్తాను.

జవాబు: లవణజలం

మాస్టారూ, మొదటి ప్రశ్నకు నేను రాస్తాను. సముద్ర రసాయనశాస్త్రంలో, ముఖ్యంగా నీటిలోని లోహాల కొలతల్లో కొన్నేళ్ళు పనిచేశాను. రెండో ప్రశ్న సూక్ష్మజీవశాస్త్రం చదివినవారికి వదిలేస్తున్నాను.

ఆ అమ్మాయి చెప్పిన బైలదిల్లా ఖనిజంలోనే ఆమె ప్రశ్నకు జవాబు ఉన్నది. ఆ కొండల్లోని ఇనుము ఒకప్పుడు సముద్రంలో కరిగి ఉన్నదే. గాలిలో ఆక్సిజన్ దాదాపు లేని ఆదికాలంలో ఇనుము ఫెర్రస్ (రెండు ఎలక్ట్రాన్లు పోయిన) రూపంలో ఉండేది, ఆ రూపం నీటిలో సుఖంగా కరుగుతుంది. కిరణజన్యసంయోగక్రియ నేర్చిన సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వదలడం మొదలుపెట్టిన తరువాత ఫెర్రస్ ఇనుము ఇంకో ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఫెర్రిక్‌గా మారి, తుప్పుగా అడుగుకు దిగి, పట్టీలు పట్టీలుగా పేరుకుంది. సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం వాతావరణంలో ఆక్సిజన్ నిలదొక్కుకున్న తరువాత సముద్రపు పైనీటిలో ఫెర్రస్ ఇనుముకు నిలకడ లేకుండా పోయింది. నేటికీ వెచ్చని పైనీటిలో ఫెర్రస్ ఇనుమును కలిపితే నిమిషాల్లోనే అది ఆక్సీకరణం చెందుతుంది. సముద్రపు పీహెచ్ 8 పైచిలుకు కాబట్టి ఫెర్రిక్ ఇనుము హైడ్రాక్సైడుగా గడ్డకట్టి, రేణువులకు అంటుకుని, కిందికి దిగిపోతుంది. నదులు తెచ్చే ఇనుములో అధిక భాగం కూడా ఉప్పునీరు తగిలే చోటనే, అంటే నదీముఖం దగ్గరనే, ఇలా గడ్డకట్టి బురదలో కలిసిపోతుంది. ఇనుము ఉండటం వేరు, కరిగి ఉండటం వేరు. సూక్ష్మజీవికి పనికివచ్చేది దాదాపుగా రెండోదే.

ఇనుము కొరవడిన నడిసముద్రపు పైనీటిలో కరిగిన ఇనుము లీటరుకు 0.1 నానోమోల్ చుట్టుపక్కల, కొన్ని చోట్ల ఇంకా తక్కువగా ఉంటుంది. ఈ సంఖ్య విద్యార్థులకు ఊహకు అందదు కనుక నేను ఇలా లెక్క కట్టి చెబుతాను. 0.1 నానోమోల్ అంటే లీటరుకు 5.6 నానోగ్రాములు. ఒక గ్రాము బరువున్న చిన్న మేకులో ఉన్నంత ఇనుమును ఈ నీటి నుంచి పోగుచేయాలంటే సుమారు 17.9 కోట్ల లీటర్ల నీళ్ళు కావాలి, అంటే పదివేల లీటర్ల ట్యాంకరు లారీలు దాదాపు 18 వేలు. ఇక సూక్ష్మజీవి కొలతలో చూస్తే, ఒక ఘన మైక్రాన్ నీటిలో సగటున 0.06 ఇనుప పరమాణువు ఉంటుంది, అంటే పదిహేడు ఘన మైక్రాన్లకు ఒక్క పరమాణువు. ఒక చిన్న కణం రెండుగా చీలే ముందు పదివేల ఇనుప పరమాణువులు కూడబెట్టాలనుకుందాం. దాని చుట్టూ 55 మైక్రాన్ల భుజం ఉన్న ఘనంలోని నీటిని, అంటే మన తలవెంట్రుక మందమంత మేర, ఒక్క పరమాణువు కూడా మిగలకుండా జల్లెడ పట్టాలి.

ఇదంతా విడిగా, స్వేచ్ఛగా తిరుగుతున్న ఇనుము అనుకుని వేసిన లెక్క. నిజానికి అలా లేదని 1994, 1995 సంవత్సరాల్లో వచ్చిన కొలతలు తేల్చాయి. కరిగిన ఇనుములో 99 శాతానికి పైగా సేంద్రియ లైగాండ్ల, అంటే లోహాన్ని పట్టుకునే సేంద్రియ అణువుల, చేతుల్లో బిగుసుకుని ఉంటుంది. వాటిలో కొన్ని సూక్ష్మజీవులు చేసిన సైడెరోఫోర్లే. కొన్ని చచ్చిన కణాల శకలాలు, చక్కెరల జిగురు, నేల నుంచి కొట్టుకువచ్చిన హ్యూమిక్ పదార్థాలు. ఈ లైగాండ్లు లేకపోతే ఈపాటి ఇనుము కూడా పైనీటిలో నిలిచేది కాదు.

ఈ సంగతి ఇంత ఆలస్యంగా తెలియడానికి కారణం ఏమిటంటే, ఓడ అంతా ఇనుమే. తీగ ఇనుము, చక్రం ఇనుము, పెచ్చులూడే రంగు కింద తుప్పు. 1970ల చివరి వరకు ప్రచురితమైన విలువల్లో చాలా భాగం సముద్రానివి కావు, ఓడవి. మా ప్రయాణంలో సీసాలను వారాల తరబడి ఆమ్లంలో నానబెట్టి, మూడు పొరల ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తీసుకువెళ్ళాము. ఓడ మీద ప్లాస్టిక్ తెరలతో గది కట్టి, అందులోకి వడకట్టిన గాలిని పంపి, లోపల తల నుంచి పాదాల దాకా కప్పుకుని పనిచేసేవాళ్ళం. ఒక రాత్రి ఓడ ఊగినప్పుడు నేను తూలి గ్లవ్ తొడిగిన చేత్తో రెయిలింగు పట్టుకున్నాను. ఆ గ్లవ్ మార్చకుండానే ఒక సీసా మూత తిప్పాను. ఆ ఒక్క సీసాలో ఇనుము పక్క సీసాల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చింది. ఆ లోతు నీటిని మళ్ళీ తీసుకునే అవకాశం లేక, మా నిలువు కొలతల వరుసలో అక్కడ ఖాళీ మిగిలిపోయింది.

కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్ ప్రయోగశాలలో జాన్ మార్టిన్ ఈ శుభ్రతను పట్టుదలగా పాటించి, ఈశాన్య పసిఫిక్‌లో నైట్రేటు పుష్కలంగా ఉన్నా ప్లవకాలు (నీటిలో తేలే సన్నజీవులు) పెరగకపోవడానికి ఇనుము కొరతే కారణమని స్టీవ్ ఫిట్జ్‌వాటర్‌తో కలిసి 1988లో చూపించాడు. నడిసముద్రంలో ఇనుము చల్లి పరీక్షించాలన్న ఆయన ప్రతిపాదన 1993 అక్టోబరులో గాలపగోస్ దీవుల దగ్గర అమలైంది. అప్పటికి ఆయన చనిపోయి నాలుగు నెలలైంది.

జవాబు: పెట్రిపళ్ళెం

లవణజలం గారి లెక్క చూసిన తరువాత గాలం ప్రశ్న ఇంకా బరువెక్కింది. ఆ విద్యార్థిని సరిగ్గా కీలకమైన చోట వేలు పెట్టింది. నేను సముద్ర బాక్టీరియా మీద పరిశోధన చేస్తున్నాను, తెలిసినంత రాస్తాను.

ముందు సైడెరోఫోర్ పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఇది సాధారణంగా వెయ్యి డాల్టన్ల (డాల్టన్ అంటే అణువుల బరువుకు ప్రమాణం) లోపు లేదా ఆ చుట్టుపక్కల ఉండే చిన్న అణువు. ఫెర్రిక్ అయానుకు ఉన్న ఆరు సమన్వయ స్థానాలనూ ఆక్సిజన్ పరమాణువులతో చుట్టుముట్టి పట్టుకుంటుంది. మన పేగుల్లో ఉండే ఈ. కోలి తయారుచేసే ఎంటెరోబాక్టిన్‌కు స్థిరత్వ స్థిరాంకం 10 ఘాతం 49 అంటే ఆ పట్టు ఎంత గట్టిదో మీకు చెప్పనక్కరలేదు. పట్టుకున్న తరువాత చిక్కు మొదలవుతుంది. గ్రామ్ నెగటివ్ బాక్టీరియా, అంటే రెండు పొరలున్న బాక్టీరియా, బయటి పొరలోని మామూలు రంధ్రాల గుండా సుమారు 600 డాల్టన్ల లోపు అణువులే దూరగలవు, ఇనుమును మోస్తున్న సైడెరోఫోర్ అంతకన్నా పెద్దది. అందుకని దాని కోసం ప్రత్యేకమైన గ్రాహక ప్రోటీన్ ఉంటుంది. అది పీపాలా ఉంటుంది, లోపల ఒక బిరడా అడ్డుగా ఉంటుంది. సైడెరోఫోర్ వచ్చి పైన కూర్చోగానే, లోపలి పొరలో ఉన్న టాన్‌బీ అనే ప్రోటీన్ అక్కడి ప్రోటాన్ల ఒత్తిడి నుంచి శక్తి తీసుకుని ఆ బిరడాను కదిలిస్తుంది. బయటి పొరలో శక్తినిచ్చే ఏటీపీ ఉండదు కనుక ఇంత ఏర్పాటు అవసరమైంది. లోపలి పొర దాటించడానికి ఏటీపీతో నడిచే మరో వాహకం ఉంటుంది. కణం లోపల ఇనుము చాలినంత ఉన్నప్పుడు ఫర్ అనే నియంత్రక ప్రోటీన్ ఇనుముతో కలిసి డీఎన్ఏ మీద కూర్చుని ఈ జన్యువులన్నింటినీ ఆపివేస్తుంది, ఇనుము తగ్గగానే పక్కకు జరుగుతుంది.

ఇక గాలం సంగతి. ఇంత చిన్న అణువు నీటిలో విసరణ వల్ల ఒక్క సెకనులో కొన్ని పదుల మైక్రాన్ల దూరం వెళ్ళిపోతుంది. బాక్టీరియాకు అది తన ఒంటి పొడవుకు ఎన్నో రెట్లు. కాబట్టి ఒంటరిగా తేలే కణం వదిలిన సైడెరోఫోర్ దాని దగ్గరికే తిరిగి వస్తుందని ఆశించడం నిజంగానే కష్టం. పాఠ్యపుస్తకాల్లో ఈ మాట ఉండదు, అది నాకు బాధ కలిగించే లోపం. ఎందుకంటే ఆ పుస్తకాల్లోని చిత్రం మూత వేసిన ఫ్లాస్కులో, కోట్ల కణాలు కిక్కిరిసి పెరిగే చోట గమనించినది. అక్కడ ఎవరు వదిలినా ఎవరో ఒకరు అందుకుంటారు.

సముద్ర బాక్టీరియా ఈ నష్టాన్ని తగ్గించుకునే తీరు చాలా అందంగా ఉంటుంది. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో అలిసన్ బట్లర్ బృందం వెలికితీసిన సముద్ర సైడెరోఫోర్లలో చాలావాటికి ఒక చివర కొవ్వు ఆమ్లపు తోక ఉన్నది. మారినోబాక్టిన్లు, అక్వాకెలిన్లు, యాంఫిబాక్టిన్లు అటువంటివే. తల భాగం అమైనో ఆమ్లాల గొలుసు, అది ఇనుమును పడుతుంది. తోక నూనె స్వభావం కలది, అది కణపొరకు అంటుకుని ఉండాలని చూస్తుంది. తోక పొడవును బట్టి అణువు కణాన్ని అంటిపెట్టుకుని ఉండటమో, కొంచెం దూరం పోవడమో జరుగుతుంది. యాంఫిబాక్టిన్లు దాదాపుగా కణానికే అతుక్కుని ఉంటాయి. అంటే ఈ గాలానికి దారం ఉన్నది. ఆ అమ్మాయికి ఈ మాట తప్పక చెప్పండి.

రెండో మార్గం, నివాసం మార్చడం. సముద్రంలో బాక్టీరియా అన్నీ ఒంటరిగా తేలవు. చచ్చిన ప్లవకాలు, మలగుళికలు, జిగురు కలిసి పైనుంచి కిందికి రాలే తునకల మీద గుంపులుగా స్థిరపడేవి ఎన్నో ఉన్నాయి. ఆ తునకలో రేణువుల ఇనుము కూడా చిక్కుకుని ఉంటుంది, సైడెరోఫోర్ వృథా కాదు. అయితే గుంపు ఉన్న చోట ఇంకో సంగతి బయటపడుతుంది. వైబ్రియో కుటుంబపు బాక్టీరియాను తీరజలాల నుంచి సేకరించి చేసిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. దగ్గరి బంధువుల్లోనే కొన్ని సైడెరోఫోర్ చేసే జన్యువులను పూర్తిగా పోగొట్టుకుని, దాన్ని లోపలికి తీసుకునే గ్రాహకాలను మాత్రం భద్రంగా నిలుపుకున్నాయి. వండటం మానేసి పళ్ళెం మాత్రం ఉంచుకున్నాయన్నమాట. పెద్ద తునకల మీద నివసించే గుంపుల్లో ఇటువంటివి ఎక్కువ కనిపించాయి.

మూడోది వెలుతురు. సముద్ర సైడెరోఫోర్లలో చాలావాటిలో ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లపు భాగం ఉంటుంది. ఇనుముతో కలిసి ఉన్నప్పుడు ఎండ తగిలితే ఆ భాగం విరిగి, ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా క్షయకరణం చెందుతుంది. 2001లో నేచర్ పత్రికలో అక్వాకెలిన్ల మీద వచ్చిన పరిశోధన దీన్ని చూపింది. చేసిన బాక్టీరియాకు ఇది నష్టంలా కనిపిస్తుంది. కాని అలా విడుదలైన ఇనుమును పక్కనున్న శైవలాలు అందుకుంటాయి, ఆ శైవలాలు స్రవించే సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా తింటుంది. మారినోబాక్టర్ అనే బాక్టీరియా చేసే వైబ్రియోఫెరిన్ అనే సైడెరోఫోర్ విషయంలో ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతున్నదని 2009లో ప్రతిపాదించారు. నాకు ఈ ఆలోచన ఎంతో ఇష్టం, అయితే ప్రయోగశాల బయట ఇది ఎంత మేరకు నడుస్తుందో కొలిచి చెప్పడం కష్టమైన పని.

ప్రశ్నించినవారు: రసాయన_పాఠం

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. దారం ఉన్న గాలం అన్న మాట నాకు ఎంతో తృప్తినిచ్చింది. కాని మీ రెండు జవాబులూ కలిపి చదివితే ఇంకో సందేహం తలెత్తుతున్నది. ఒంటరిగా తేలే కణానికి సైడెరోఫోర్ గిట్టుబాటు కానప్పుడు, నడిసముద్రంలో సంఖ్యలో అన్నింటికన్నా ఎక్కువగా ఉన్నవని చెప్పే ప్రోక్లోరోకోకస్ (కిరణజన్యసంయోగక్రియ చేసే బాక్టీరియా), సార్11 (మరో బాక్టీరియా గుంపు) వంటివి ఒంటరిగా తేలేవే కదా, అవి ఏం చేస్తున్నాయి? డయాటమ్‌లు (గాజుపెంకు కట్టుకునే ఏకకణ శైవలాలు) కూడా సైడెరోఫోర్లు చేస్తాయా? చేయకపోతే, 99 శాతం ఇనుము ఇతరుల లైగాండ్ల చేతుల్లో బిగిసి ఉండగా వాటికి ఏం దక్కుతుంది?

జవాబు: నాచుపచ్చ, కాలిఫోర్నియా

మాస్టారూ, మీ సందేహమే ఈ విషయానికి నడిబొడ్డు. సముద్రంలో ఇనుము సంపాదన అనగానే అందరూ సైడెరోఫోర్ల గురించే చెబుతారు గాని, సముద్రపు పైనీటిలో అత్యధిక సంఖ్యలో ఉన్న జీవులు వాటిని తయారుచేయవు. ప్రోక్లోరోకోకస్‌లో సైడెరోఫోర్ చేసే జన్యువులు కనిపించలేదు, ఇతరులవి లోపలికి తీసుకునే జన్యువులు కూడా కొన్ని శాఖలకే ఉన్నాయి. సార్11 జన్యురాశి సుమారు 13 లక్షల బేస్ జతలు మాత్రమే. అంత పొదుపైన సంసారంలో సైడెరోఫోర్ కర్మాగారానికి చోటు లేదు. రెండింటిలోనూ ఉన్నది రెండు పొరల మధ్య ఇనుమును పట్టుకునే ఒక ప్రోటీన్, దాన్ని లోపలికి చేర్చే ఒక వాహకం. లైగాండ్ నుంచి జారిపడిన ఇనుమును, ఎండ విడిపించిన ఇనుమును, మృతకణాల నుంచి బయటపడిన ఇనుమును వచ్చినప్పుడల్లా అందుకోవడమే వాటి పద్ధతి.

అది చాలుతుందా అంటే, వాటి చిన్నతనమే వాటి బలం. గోళాకారపు కణానికి విసరణ ద్వారా అందే ఇనుము దాని వ్యాసార్థానికి అనులోమంగా ఉంటుంది, కణానికి కావలసిన ఇనుము మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి, అంటే వ్యాసార్థపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి వ్యాసార్థం సగమైతే అవసరానికి తగ్గ సరఫరా నాలుగు రెట్లు మెరుగవుతుంది. ప్రోక్లోరోకోకస్ వ్యాసం సుమారు 0.6 మైక్రాన్లు ఉండటంలో ఈ లెక్కకు పెద్ద పాత్ర ఉందని నా అభిప్రాయం. ఇది బోర్డు మీద రెండు పంక్తుల్లో చేసి చూపించగలిగిన లెక్క.

డయాటమ్‌ల వంటి పెద్ద కణాలకు ఆ సౌలభ్యం లేదు. అవి సైడెరోఫోర్లు చేయవు గాని, ఇతరులు పట్టుకున్న ఇనుమును విడిపించడం నేర్చాయి. కణపొర మీద ఉండే ఫెర్రిక్ రిడక్టేజ్ అనే ఎంజైము లైగాండ్ పట్టులో ఉన్న ఫెర్రిక్ ఇనుముకు ఒక ఎలక్ట్రాన్ అందిస్తుంది. అది ఫెర్రస్ అవుతుంది, సైడెరోఫోర్‌కు ఫెర్రస్ మీద పట్టు బాగా సడలుతుంది, ఇనుము జారిపోతుంది. మీ విద్యార్థులకు ఇది చక్కని ఉదాహరణ: లైగాండ్‌ను ఎవరూ తెంచలేదు, లోహపు ఆక్సీకరణ స్థితిని మార్చారు, అంతే. తలస్సియోసిరా ఓషియానికా అనే నడిసముద్రపు డయాటమ్‌లో ఇది జరుగుతుందని 2001లో మాల్డొనాడో, ప్రైస్ చూపించారు.

ఇంకో దారి ఉన్నది. డయాటమ్‌ల ఉపరితలం మీద ఫైటోట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మన రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్‌తో పోల్చదగిన రీతిలో ఇది విడిగా ఉన్న ఫెర్రిక్ ఇనుమును పట్టుకుంటుంది, పట్టుకోవడానికి పక్కన కార్బనేట్ అయాను తప్పనిసరిగా ఉండాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి సముద్రం ఆమ్లత్వం వైపు జరిగేకొద్దీ నీటిలో కార్బనేట్ తగ్గుతుంది కనుక, ఈ ప్రోటీన్ పని కూడా కుంటుపడుతుందని 2018లో నేచర్‌లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఇనుము పరిమాణం ఒక్క అణువంత తగ్గకపోయినా డయాటమ్‌లకు అందేది తగ్గవచ్చునన్న సంగతి నన్ను చాలా కాలంగా కలవరపెడుతున్నది.

సంపాదన ఒక్కటే కాదు, పొదుపు కూడా చూడాలి. కిరణజన్యసంయోగక్రియలో మొదటి ఫోటోసిస్టమ్‌కు ఒక్కదానికే పన్నెండు ఇనుప పరమాణువులు కావాలి. అందుకని కొన్ని నడిసముద్రపు డయాటమ్‌లు దాని సంఖ్యనే తగ్గించుకున్నాయి. ఇనుము తగ్గితే, ఎలక్ట్రాన్లను మోసే ఫెర్రెడాక్సిన్ అనే ఇనుప ప్రోటీన్ స్థానంలో ఇనుము అవసరం లేని ఫ్లేవోడాక్సిన్‌ను వాడేవి ఎన్నో. తలస్సియోసిరా ఓషియానికా ఇనుమున్న సైటోక్రోమ్‌ను వదిలేసి రాగి ఉన్న ప్లాస్టోసయనిన్‌తో సరిపెట్టుకుంటుంది.

వీటన్నింటిలో నాకు మరపురానిది క్రోకోస్ఫేరా అనే నత్రజని స్థాపక సయనోబాక్టీరియా. నత్రజని స్థాపనకు నైట్రోజినేజ్ అనే, ఇనుము విపరీతంగా కావలసిన ఎంజైము ఉండాలి. అది ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది కనుక ఈ జీవి ఆ పని రాత్రి చేస్తుంది. తెల్లవారేసరికి నైట్రోజినేజ్‌ను విడదీసి, ఆ ఇనుముతోనే పగటి కిరణజన్యసంయోగక్రియకు కావలసిన ప్రోటీన్లను కట్టుకుంటుంది. పొద్దుగూకాక మళ్ళీ అటు మారుస్తుంది. పగటి షిఫ్టు వాడు, రాత్రి షిఫ్టు వాడు ఒకే మంచాన్ని వంతులవారీగా వాడుకున్నట్టు. ఇలా చేయడం వల్ల దానికి కావలసిన ఇనుము దాదాపు 40 శాతం తగ్గుతుందని 2011లో అంచనా వేశారు. రోజూ ఎంజైములను కూల్చి కట్టడానికి ఎంతో శక్తి ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు భరించడానికి కూడా సిద్ధపడిందంటే ఇనుము దానికి ఎంత విలువైనదో తెలుస్తున్నది.

ట్రైకోడెస్మియం గురించి కూడా రాయకుండా ఉండలేను, ఎందుకంటే దాన్ని నేను స్వయంగా సూక్ష్మదర్శిని కింద గంటల తరబడి చూశాను. ఇది దారాలుగా పెరుగుతుంది, ఆ దారాలు కలిసి చిన్న దూదిపింజ వంటి గుత్తి కడతాయి, కంటికి కూడా కనబడుతుంది. ఆ నీటిలో చిటికెడు ఎడారి దుమ్ము వేస్తే, మొదట రేణువులు గుత్తి అంచున దారాల కొనలకు అంటుకుంటాయి. చూస్తుండగా దారాలు మెల్లగా కదులుతూ ఆ రేణువులను లోపలికి, ఇంకా లోపలికి జరుపుకుంటాయి. కొంతసేపటికి గుత్తి నడుమ గోధుమరంగు మచ్చ తేలుతుంది. అక్కడే, గుత్తిలో నివసించే బాక్టీరియా సైడెరోఫోర్ల సాయం కూడా కలిసి, దుమ్ములోని ఇనుము కరుగుతుంది. అకాబా సింధుశాఖ నుంచి తెచ్చిన గుత్తులతో ఈ ప్రవర్తనను 2011లో ప్రకటించారు. మన అరేబియా సముద్రంలో వేసవి ముందు నీటి మీద గడ్డిపొట్టు రంగులో చారలుగా తేలేది ఈ ట్రైకోడెస్మియమే.

జవాబు: అల_అంచున, కాకినాడ

ఎంతో ఉపయోగపడే చర్చ. నాదొక చిన్న ప్రశ్న. మన బంగాళాఖాతంలో కూడా ఇనుము కొరత ఉన్నదా? ఉంటే నీటిలో ఇనుము కలిపితే ప్లవకాలు పెరిగి, చేపలు పెరుగుతాయా?

జవాబు: లవణజలం

బంగాళాఖాతంలో పరిస్థితి వేరండీ. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మన గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు, పడమటి నుంచి వచ్చే దుమ్ము కలిసి అక్కడి నీటికి ఇనుము సమకూరుస్తాయి. నదుల తీపినీరు పైన పొరలా పరుచుకుని కింది నీటిని పైకి రానివ్వదు కనుక అక్కడ మొదట తరిగిపోయేది నైట్రేటు. ఇనుము కలిపి ఒరిగేది లేదు. ఇనుము కొరత తీవ్రంగా ఉన్నది దక్షిణ మహాసముద్రంలో, ఈక్వటోరియల్ పసిఫిక్‌లో, ధ్రువానికి దగ్గరి ఉత్తర పసిఫిక్‌లో.

కలిపి చూసిన అనుభవం మన దేశానికీ ఉన్నది. గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి 2009లో పోలార్‌స్టెర్న్ ఓడ మీద దక్షిణ మహాసముద్రంలో లోహాఫెక్స్ ప్రయోగం చేశాయి. లోహా అంటే హిందీలో ఇనుమే. 300 చదరపు కిలోమీటర్ల నీటికి ఇనుము అందించి 39 రోజులు వెంబడించారు. ప్లవకాలు పెరిగాయి. కాని ఆ నీటిలో సిలికా ముందే అడుగంటి ఉన్నందున, గాజుపెంకు కట్టుకోవలసిన డయాటమ్‌లు పెరగలేకపోయాయి. పెరిగిన మెత్తని చిన్న ప్లవకాలను రొయ్యకు బంధువులైన కోపిపాడ్‌లు తినేశాయి, వాటిని అదే కోవకు చెందిన యాంఫిపాడ్‌లు తిన్నాయి. లోతుకు దిగిన కర్బనం స్వల్పమే. ఇనుము దొరికినంత మాత్రాన ఎవరు పెరుగుతారన్నది ఇనుము నిర్ణయించదని ఆ ప్రయోగం తేల్చింది. వృథా అయిన ప్రయోగమని కొందరు అంటుంటే నాకు కష్టంగా ఉంటుంది, అనుకున్న ఫలితం రాకపోవడం వల్లనే అంత స్పష్టమైన సంగతి తెలిసింది.

ప్రశ్నించినవారు: రసాయన_పాఠం

ఇప్పుడు తరగతిలో ధైర్యంగా నిలబడగలను. చివరిగా ఒక్కటి. మా కళాశాల ప్రయోగశాలలో సాధారణ పరికరాలతో, రామకృష్ణ బీచి నీటి నుంచి సైడెరోఫోర్ చేసే బాక్టీరియాను విద్యార్థులకు కళ్ళారా చూపించే మార్గం ఏదైనా ఉన్నదా?

జవాబు: పెట్రిపళ్ళెం

ఉన్నది. 1987లో ష్విన్, నీలాండ్స్ రూపొందించిన సీఏఎస్ అగార్ పద్ధతి. క్రోమ్ అజురాల్ ఎస్ అనే రంగును ఫెర్రిక్ ఇనుముతో, హెచ్‌డీటీఎంఏ అనే డిటర్జెంటుతో కలిపితే ముదురు నీలం వస్తుంది. దాన్ని అగార్‌లో కలిపి పోస్తే పళ్ళెం నీలిమందు కలిపినట్టు ఉంటుంది. సైడెరోఫోర్ వదిలే కాలనీ ఆ రంగు చేతిలోని ఇనుమును లాక్కుంటుంది, కాలనీ చుట్టూ నారింజరంగు వలయం ఏర్పడుతుంది. సాయంత్రం గీసిన పళ్ళెంలో రెండు మూడు రోజుల తరువాత ఆ వలయం మొదటిసారి చూసినప్పుడు నేను వెంటనే గైడు గారిని పిలుచుకు వచ్చాను. మీ పాఠానికి అంతకన్నా మంచి బొమ్మ దొరకదు, ఎందుకంటే రెండు లైగాండ్ల మధ్య పోటీ అక్కడ రంగులో కనిపిస్తుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. గాజుసామగ్రిని 6 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, అయాన్లు తీసిన నీటితో చాలాసార్లు తొలవాలి. కుళాయి నీటితో చివరిసారి కడిగితే శ్రమంతా పోతుంది. ఇనుము ఎక్కువైతే ఫర్ ప్రోటీన్ జన్యువులను ఆపివేస్తుంది కనుక వలయమే రాదు. హెచ్‌డీటీఎంఏ కొన్ని బాక్టీరియాకు విషం. అందువల్ల ముందు ఉప్పునీటి అగార్ మీద కాలనీలను పెంచి, ఆ తరువాత వాటి మీద పలుచగా సీఏఎస్ అగార్ పోయడం మేలు. సిట్రేట్ వంటి ఇతర కీలేట్లు (లోహాన్ని చుట్టి పట్టుకునే అణువులు) కూడా నారింజ వలయం తెస్తాయి, తోకతో కణానికే అతుక్కునే సైడెరోఫోర్ చేసేవాటికి వలయం చిన్నగా రావచ్చు. కాబట్టి వలయం పెద్దదైన కాలనీయే సమర్థమైనదని విద్యార్థులు రాయకుండా చూడండి. ఒక పళ్ళెంలో బాక్టీరియా బదులు ఒక చుక్క ఈడీటీఏ అనే కీలేటు ద్రావణం వేసి పక్కన పెట్టండి, పోల్చడానికి పనికివస్తుంది. నీళ్ళు ఒడ్డు నుంచి బకెట్‌తో కాక, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాతో మోకాలి లోతు దాటాక ముంచుకోండి.